పద్నాలుగు అడ్డం – టీకా తాత్పర్య సహితం

మూలం

14 అడ్డం: తిరగబడ్డ తోకలేని రాజు (2)

అవతారిక

శబ్దప్రపంచాన్ని గళ్ళుగా కోసి, కొన్ని గళ్ళకు నల్లరంగు పూసి, తక్కినవి పూరించుకొమ్మని లోకం మీదికి వదిలే విద్యకు గళ్ళ నుడికట్టు అని పేరు. పదబంధ ప్రహేళిక అని కూడా అంటారు. పిల్లలు పజిల్ అంటారు. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు చెయ్యి పెట్టిన విద్య ఇది. 1913 డిసెంబరు 21 ఆదివారంనాడు ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్ళు గీసి దీనికి శ్రీకారం చుట్టాడని చరిత్రకారులు చెబుతారు. గీతలు ఆయనవి కావచ్చు. తలనొప్పి మాత్రం మనదే, బహు పురాతనం. ఆ సంగతి ముందుకు వస్తుంది.

ప్రస్తుత మూలం ఒక వారపత్రిక చివరి పేజీల్లో, వారఫలాల కింద, ‘విజ్ఞులకు మాత్రమే’ అన్న శీర్షికతో అవతరించింది. పత్రిక పేరు చెప్పం. కూర్పరి పేరు అక్కడా లేదు, ఆయన క్షేమం కోరి ఎవరో మంచి పని చేశారు. బస్సులో సీటు మీద ‘స్త్రీలకు మాత్రమే’ అని రాసినట్టు, గళ్ళ మీద ‘విజ్ఞులకు మాత్రమే’ అని రాస్తే తక్కినవాళ్ళు లేచి నిలబడాలి కాబోలు. మేం లేవలేదు. టీక రాయడానికి కూర్చున్నాం.

పదకొండు అక్షరాల మూలానికి ఇంత వ్యాఖ్యానమా అని అడిగేవారుంటారు. బ్రహ్మసూత్రాల్లో మొదటి సూత్రం ఇంతకన్నా చిన్నది; దాని మీద ఎందరు ఎన్నేసి పుటలు రాశారో గ్రంథాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. వ్యాఖ్యాతలకు మేటి కొలాచలం మల్లినాథసూరి, మన మెదకు సీమవాడు, కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిపెట్టాడు. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అన్నది ఆయన పెట్టుకున్న నియమం. అందులో మొదటి సగం శక్తికొద్దీ పాటిస్తాం. రెండో సగం సంగతి దేవుడెరుగు.

ప్రతిపదార్థం

రాజు: స్పష్టం.

తోకలేని: తోక అనగా పుచ్ఛము. ఆవుకు ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. రాజుకు ఎక్కడుంటుందన్నది ప్రశ్న. ఇక్కడ రాజు అంటే మనిషి కాదు, మాట. కాబట్టి అక్షరాల్లో వెతుక్కోవాలి. తెలుగు అక్షరానికి తలకట్టు ఉంది. కొమ్ము ఉంది, కొమ్ముదీర్ఘం ఉంది. గుడి ఉంది, వట్రసుడి ఉంది, క్రావడి ఉంది, కాళ్ళ కింద వత్తులున్నాయి. ఇంత సరంజామా ఉన్న అక్షరానికి తోక ఏదో మాత్రం ఏ పంతులుగారూ పలక మీద చూపించలేదు. అందుచేత వ్యాఖ్యాతలు మూడు మతాలుగా చీలిపోయారు.

మొదటివారు కొమ్మువాదులు. రాజు అన్న మాట చివర వేలాడుతున్నది కొమ్ము, అదే తోక, దాన్ని చెరిపేస్తే మిగిలేది ‘రాజ’ అని వీరి సిద్ధాంతం. కొమ్ము తోక ఎట్లా అవుతుందయ్యా, పశువుల డాక్టరును అడిగినా చెబుతాడే అంటే, చివర ఉన్నది కాబట్టి స్థానబలం చేత తోకే అంటారు. స్థానబలం మీద నడిచే దేశంలో ఈ వాదాన్ని కాదనడం కష్టం.

రెండోవారు అక్షరచ్ఛేదవాదులు. వీరు చిన్నపనులు చెయ్యరు. చివరి అక్షరాన్ని మొదలంటా నరికేస్తారు. రాజులోంచి ‘జు’ పోతే ‘రా’ ఒక్కటే మిగులుతుంది. కుండలీకరణంలో రెండు అని ఉన్నది కాబట్టి చెల్లదు. అప్పుడు వీరు అమరకోశం దించుతారు. అందులో రాజులకు కరువా? నృపతి తోక కోస్తే ‘నృప’. భూపతి తోక కోస్తే ‘భూప’. నరేంద్రుణ్ణి నరేంద్రగా కుదించి కోస్తే ‘నరేం’. నరేంద్రను మినహాయిస్తే, ఒక రాజు తోక కోసినా ఇంకో రాజే రావడం ఈ మతంలోని చమత్కారం.

మూడోవారు విభక్తివాదులు, చిన్నయసూరి సంప్రదాయం వారు. మాటకు తోక అంటే ప్రత్యయమే, ప్రథమా విభక్తికి డుమువులున్నాయి, భూపుడిలోంచి డువర్ణకం ఊడబీకితే ప్రాతిపదిక ‘భూప’ తేలుతుంది, రాజును అట్లాగే వలిస్తే ‘రాజ’ తేలుతుంది, గొడవ వదిలింది అంటారు. వదల్లేదు. గొడవ ఇప్పుడే మొదలైంది.

తిరగబడ్డ: తిరగబడటం సాధారణంగా ప్రజల పని. రాజు తిరగబడటం ఏ రాజనీతి గ్రంథంలోనూ చెప్పలేదు. కాబట్టి ఇది పారిభాషిక పదం, కూర్పరుల సొంత రహస్యభాషలోది. ఆ భాషలో తిరగబడటమంటే కుడినుంచి ఎడమకు చదవడం. నిలువు ఆధారాల్లో అయితే కిందినుంచి పైకి. ‘అటునుంచి’, ‘వెనకనుంచి’ అన్నా అదే. ఇవి కాక ‘తికమక’, ‘కలగాపులగం’, ‘చెల్లాచెదురు’, ‘తల తెగిన’, ‘నడుము విరిగిన’, ‘గుండె లేని’ అని ఉన్నాయి. వరసగా ఓ పాతిక ఆధారాలు చదివితే చేతిలో ఉన్నది వారపత్రికా, పోస్టుమార్టం రిపోర్టా అన్న సందేహం వస్తుంది.

తిప్పడం అక్షరాన్నా, వర్ణాన్నా? వర్ణాల లెక్కన తిప్పితే ‘రాజ’ కాస్తా ‘అజార్’ అవుతుంది, వేరే భాషలో పడతాం. కనుక అక్షరాన్నే తిప్పాలి. పైన తేలిన నలుగురినీ, అంటే రాజ, నృప, భూప, నరేంలను, పాఠకుడు తీరిక వేళ తిప్పి చూసుకోగలడు. నలుగురిలో ఒక్కడే నిలబడతాడు. ఇప్పుడే చెప్పం.

(2): వ్యాఖ్యానానికి ప్రాణం ఇక్కడుంది. పామరులు ఈ అంకెను గళ్ళ లెక్క అనుకుని దాటిపోతారు. ఇంగ్లీషువాడికి గడికొక లెటరు. వాడికి చాలా గళ్ళు పట్టేది మనకు కొద్ది గళ్ళలోనే ఇమిడిపోతుంది. మనకు గడికొక అక్షరం. ఆ అక్షరం ఎంత బరువైనా మొయ్యాలి. ‘స్త్రీ’ అన్నది ఒక గడి. స, త, ర, ఈ నలుగురూ ఆ ఒక్క గదిలో కాపురం ఉంటారు. ‘రాష్ట్రం’ రెండు గళ్ళు. రెండో గడిలో ‘ష్ట్రం’ మొత్తం, సున్నతో సహా. అందుకే తెలుగు గళ్ళు కూర్చేవాడి కష్టం వేరు. అడ్డం మాటలో ‘త్స్య’ పడితే నిలువు మాటలో కూడా సరిగ్గా ‘త్స్య’ పడాలి; ‘త్స్యా’ వచ్చిందంటే ఆ దీర్ఘం ఒక్కటీ చాలు, మూల మొత్తం కూలడానికి. అదే కష్టం నింపేవాడికి వరం. గడిలో ‘త్స్య’ కనబడిందా, పక్కన చేప ఉన్నట్టే.

ఇంత చక్కటి లెక్క ఉండగా కూర్పరులు చేసే అక్రమం ఒకటుంది. దాన్ని హాస్యంలో కలిపి చెప్పడం మా వల్ల కాదు. ‘మందిరం’ మూడు గళ్ళు. ‘మందిరము’ నాలుగు. ఒకే గళ్ళ నుడికట్టులో ఈ మూల సున్న, ఆ మూల ‘ము’, ఎక్కడ ఏది పడితే అది. ఖాళీ గడి మిగిలితే ము, చాలకపోతే సున్న. ఒక చోట కావ్యభాష, నాలుగు గళ్ళు దాటితే బజారు భాష. నింపేవాడు ఒక పూట పూటంతా ‘పుస్తకం’ ఎందుకు పట్టడం లేదా అని కొట్టుకుంటాడు. భాష ఏదో ఒకటి ఎంచుకుని ఆ వారానికి దాని మీద నిలబడితే కూర్పరి సొమ్మేం పోతుంది?

అక్షరాల లెక్క చెప్పి మాటను దాచడమన్న ఈ పద్ధతి న్యూయార్కులో పుట్టిందనుకునేవారు కంచి వెళ్ళాలి. ఏడు, ఎనిమిది శతాబ్దాల సంధిలో అక్కడ దండి ఉండేవాడు. ఆయన కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో ప్రహేళికలకు శాస్త్రం రాశాడు. పదహారు రకాలు. వాటిలో ‘సంఖ్యాత’ అనేది లెక్కతో మోసగించేది. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ఏమిటంటే, ఒక నగరం ఉందట. దాని మధ్యలో ముక్కుతో పలికేది ఒకటుందట. చుట్టూ నాలుగు వర్ణాలు దానికి అలంకారమట. అక్కడి రాజుల పేరుకు ఎనిమిది వర్ణాలట. ఏమిటా నగరం, ఎవరా రాజులు?

నాలుగు వర్ణాలు అనగానే చదివేవాడు బ్రాహ్మణ క్షత్రియాదుల వైపు పరుగెత్తుతాడు. అదే ఉచ్చు. వర్ణమంటే ఇక్కడ ధ్వని. కాంచీ అన్న మాట విడదీస్తే క, ఆ, ఞ, చ, ఈ. నడిమధ్యన ఞకారం, ముక్కుతో పలికేది. అటు రెండు, ఇటు రెండు, చుట్టూ నాలుగు. రాజులు పల్లవాః: ప, అ, ల, ల, అ, వ, ఆ, చివర విసర్గ. లెక్కపెట్టుకోండి, ఎనిమిది. తన ఊరి పేరును, తన రాజుల పేరును గళ్ళు గీయకుండానే గళ్ళలో పెట్టి ఇచ్చాడు మహానుభావుడు. మన పద్ధతిలో అయితే కాంచీ రెండు గళ్ళు, పల్లవాః మూడు. ఆయన లెక్క వర్ణాలది, మనది అక్షరాలది, అంతే తేడా. ఈ ఆధారంలో ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఉచ్చు ఉంది, కానీ ఉచ్చు బిగిసినవాడు విప్పుకోగానే నవ్వుతాడు. కూర్పరి అన్న మాటకు తగినవాడు పదమూడు వందల ఏళ్ళ కిందట కంచిలో ఉన్నాడు.

తక్కిన రకాలు కూడా చూడండి, మన వారపత్రికలు వాటిలోంచి దిగుతున్నట్టే ఉంటాయి. ‘సమాగత’ అంటే సంధిలో మాటలు అతుక్కుపోయి అర్థం దాక్కునేది. తెలుగులో అట్లాంటి ఆధారం రాయాలంటే, ‘పాల నది ఒడ్డున పనిచేసేవాడు (3)’ అనవచ్చు. పాలు, ఏరు కలిస్తే పాలేరు. ఖమ్మం జిల్లావాళ్ళయితే ఆ పేరుతో నిజంగానే ఏరు ఉందని ఇంకో మెట్టు ఎక్కుతారు. ‘వంచిత’ అంటే తెలిసిన అర్థంతో తప్పుదారి పట్టించి తెలియని అర్థంలో దింపేది. ‘లఘువు కానిది బడిలో ఉంటుంది (3)’ అంటే గురువు. బరువులూ తూకాలూ వెతుక్కుని, తర్వాత ఛందస్సు గుర్తొచ్చి, ఆ పైన బడి గుర్తొచ్చేసరికి మనిషికి కలిగే ఆనందం ఉందే, అది ఇంకో మనిషికి చెబితే తగ్గిపోతుంది. ‘తలకిందులైతే తీగ (2)’ అన్నదాన్ని తల బాదుకుంటూ చూసి చూసి, బాదుకుంటున్న ఆ తలనే తిప్పితే లత అని తట్టినప్పుడు ఎవరినైనా లేపి చెప్పాలనిపిస్తుంది. ఇంట్లో అందరూ నిద్రపోతుంటారు.

‘పరుష’ అని ఇంకొకటి. వ్యాకరణంలో సూత్రం ఉంది కాబట్టి ఇట్లాంటి రూపం సాధ్యమే, అంతకుమించి ఆ మాట ఎవరి నోటా పలకలేదు, అట్లాంటి మాటతో కట్టేది. దీన్ని దండి ఒక రకంగా మాత్రమే చెప్పాడు, జీవనోపాధిగా చెప్పలేదు. శబ్దరత్నాకరంలో ఉంది, సూర్యరాయాంధ్ర నిఘంటువులో ఉంది అంటూ ఎవరూ వాడని మాటను గడిలో కుక్కి మీసం మెలేసేవాళ్ళు ఈ తేడా గమనించాలి. ప్రహేళికలు ఎందుకు ఉపయోగపడతాయో కూడా దండి చెప్పాడు. సరదా గోష్ఠుల్లో వినోదానికి, నలుగురి మధ్య రహస్యం మాట్లాడుకోవడానికి, ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికి. మా కూర్పరి మొదటి రెండూ చదవకుండా మూడోదానికి వెళ్ళాడని తోస్తుంది.

దుష్టప్రహేళికలు పద్నాలుగని పూర్వాచార్యులు చెప్పారట. దండి వాటి జోలికి పోలేదు. దోషాలకు లెక్క ఉంటుందా, అవన్నీ చెప్పుకుంటూ కూర్చుంటామా, మంచివే చెబుతాం అని దాటేశాడు. పద్నాలుగు! మన మూలం సంఖ్య కూడా పద్నాలుగే. కాకతాళీయం అనుకుందాం.

కంచి దాకా వచ్చాం కాబట్టి అక్కడే ఇంకొకరిని చూసి పోదాం. పదిహేడో శతాబ్దంలో ఆ ప్రాంతంలోనే వేంకటాధ్వరి ఉండేవాడు. రాఘవయాదవీయం రాశాడు. ముప్పై శ్లోకాలు. ముందునుంచి చదివితే రాముడి కథ, అవే అక్షరాలు వెనకనుంచి చదివితే కృష్ణుడి కథ. తిరగబడ్డ మాట కాదు, తిరగబడ్డ కావ్యం. వెనకనుంచి వచ్చేటప్పుడు అర్థం కాస్త నలుగుతుందని, అన్వయానికి చెమటలు పడతాయని గిట్టనివాళ్ళు అంటారు. పట్టనివ్వండి. ముప్పై శ్లోకాలు తిప్పిన తర్వాత కూడా అటువైపు కృష్ణుడు ఉన్నాడు. అది ముఖ్యం. దండి కన్నా ముందో వెనకో భామహుడు ఇట్లాంటి గారడీని చూసి విసుక్కున్నాడు. కావ్యం కూడా శాస్త్రంలా టీక పెట్టుకుని చదవవలసి వస్తే తెలివైనవాళ్ళకు పండగే, మందబుద్ధుల గతేమిటి అని. ఎవరు ముందో ఎవరు వెనకో గాని, భట్టి ఇంచుమించు అవే మాటలతో, నాది టీక పెట్టుకుని చదవవలసిన కావ్యమే, పండితులంటే నాకిష్టం, మందబుద్ధులు నశిస్తే నశించనీ అని గర్వంగా చెప్పుకున్నాడు. ‘విజ్ఞులకు మాత్రమే’ అన్న బోర్డు మొదట కట్టింది భట్టే అన్నమాట. అయితే ఆ బోర్డు వెనక ఒక రామాయణం, ఒక వ్యాకరణం కలిసి ఉన్నాయి. మన కూర్పరి దగ్గర బోర్డు మాత్రమే ఉంది.

కథ కంచికి వెళ్ళింది. మనం ఇంటికి, అనగా పద్నాలుగు అడ్డానికి.

అన్వయము

‘రాజు’కు కొమ్మనే తోక తీసి, మిగిలిన ‘రాజ’ను తిప్పితే ‘జరా’. జరా అంటే ముసలితనం. జరామరణాలు అనే చోట వినబడేది. రాజును తలకిందులు చేస్తే వార్ధక్యం! ఆధారంలో రాజు ఉన్నాడు, తోక పోయింది, అధికారం తిరగబడింది, గడిలో ముసలితనం కూర్చుంది. రెండక్షరాల్లో ఒక రాజవంశ చరిత్ర. కొమ్మువాదుల మీద మా గౌరవం ఒక్కసారి పెరిగిపోయింది.

ఈ జవాబు తట్టింది రైతుబజారులో, బెండకాయలు విరుస్తూ ఉండగా. నోట్లోంచి ‘జరా!’ అని బయటికే వచ్చేసింది. తూకం వేస్తున్న మనిషి ‘జరనా? జర అంటే పావుకిలోనా సార్?’ అన్నాడు. హైదరాబాదులో జర అంటే కాస్త. పావుకిలో తీసుకుని వచ్చేశాం. ఇంట్లో కూర చాలలేదు, ఎవరూ ఆ రాజు గురించి వినే స్థితిలో లేరు.

ఇక్కడ ఏది రసం అన్న చర్చ చెయ్యాలి. విభావాలు పెన్సిలు, రబ్బరు, చల్లారిన టీ. అనుభావాలు పెన్సిలు కొరకడం, గోడ వైపు చూడటం, పిలిస్తే పలకకపోవడం. భరతుడు చెప్పిన 33 సంచారి భావాల్లో చింత, వితర్కం, స్మృతి, శంక, ఔత్సుక్యం, అమర్షం, విషాదం, ఉన్మాదం, హర్షం ఒక్క ఆధారం మీదే వరసగా వచ్చిపోతాయి. చివర గర్వం తప్పనిసరి. పక్కింటివారిది ముందే అయిపోయిందని తెలిస్తే అసూయ కూడా. స్థాయి ఏదంటే ఉత్సాహం అనాలి, కాబట్టి వీరరసం. పెన్నుతో నింపేవాళ్ళది కూడా వీరమే అంటారు. మా లెక్కలో వారిది అహంకారం, భరతుడు దాన్ని రసాల్లో చేర్చలేదు.

జవాబును రూఢి చేసుకోవడానికి దాన్ని కోస్తున్న నిలువు చూడాలి. 14 నిలువు కూడా అదే గడిలో మొదలవుతుంది. ‘ఇవి లేని ఊరు ఊరు కాదు (3)’. జనులు. జకారం కుదిరింది. ఇవి అన్నాడేమిటి, వీరు అనాలి కదా అని కాసేపు అనిపించింది. కూర్పరికి జనం మీద గౌరవం తక్కువేమో అని సరిపెట్టుకున్నాం.

మరుసటి వారం పత్రిక వచ్చింది. జవాబుల గడి: 14 అడ్డం, ‘పభూ’. కింద చిన్న అక్షరాల్లో: ‘భూప అని గ్రహించగలరు.’ 14 నిలువు, ‘పనులు’.

శంకా సమాధానములు

శంక: భూపతి తోక కోసి, భూపను తిప్పగా పభూ వచ్చినది. నియమాలన్నీ పాటించబడినవి. దోషమెక్కడ?

సమాధానం: తిప్పిన తర్వాత గడిలో పడినది మాట కాదు. తెలుగు కాదు, సంస్కృతం కాదు, ఊతపదం కూడా కాదు. ఆధారం చదివినవాడు ముందు భూపతి అనుకోవాలి, నృపతిని వదిలెయ్యాలి, నరేంద్రను వదిలెయ్యాలి, చేతిలో ఉన్న రాజునే వదిలెయ్యాలి. ఎందుకు వదలాలో ఆధారంలో ఎక్కడా లేదు.

శంక: పాళీభాషలో ప్రభువును ‘పభు’ అందురు. కావున మాట లేదనుట సాహసము.

సమాధానం: నిజమే, అంటారు. కానీ త్రిపిటకాలు అధ్యయనం చేసిన భిక్షువు వారఫలాల పత్రిక కొనడు. పైగా కూర్పరికి పాళీ తెలిసి ఉంటే ఆ సంగతి మూడు వాక్యాల్లో చెప్పుకుని ఉండేవాడు. ఈ శంక ఆయన తరఫున మేం కష్టపడి వెతికి పెట్టింది.

శంక: అడ్డం నిలువు కూర్చునప్పుడు ఒక్కోసారి గత్యంతరముండదు. మూలలో రెండు గళ్ళు మిగిలిపోవును. పాపం, కూర్పరి ఏం చేయగలడు?

సమాధానం: ఈ శంకకు మేం నిజంగా జాలిపడతాం. నాలుగు పొడవాటి మాటలు ముందు వేసి, వాటి మధ్య ఖాళీలు నింపుకుంటూ వచ్చేసరికి చివర మూలలో ఏ భాషకూ చెందని అక్షరాలు పక్కపక్కన పడతాయి. చక్కగా చేసేవాడు ఆ మూల చెరిపి మళ్ళీ కడతాడు. చేతకానివాడు నల్లగడి పెడతాడు, అదీ మర్యాదే. మూడోవాడు ఆ చెత్తకు ‘తిరగబడ్డ’, ‘చెల్లాచెదురైన’ అని తలపాగా చుట్టి పాండిత్యమని అమ్ముతాడు. అయితే ఈ శంక ఇక్కడ వర్తించదు. పద్నాలుగు అడ్డంలో రెండో గడికి పైన నల్లగడి, కింద నల్లగడి. దాన్ని ఏ నిలువూ కొయ్యదు. మొదటి గడిలో ‘ప’ పెట్టుకున్నవాడు రెండో గడిలో ఏమైనా పెట్టుకోవచ్చు. పగ పెట్టొచ్చు. పస పెట్టొచ్చు. పది, పని, పసి. భాష మొత్తం ఎదురుగా నిలబడి ఉంటే ఆయన ‘భూ’ తీసుకున్నాడు. ఆపద కాదు, విలాసం.

కూర్పరి మోసం చెయ్యకూడదని ఎవరూ అనరు. మోసపోవడానికే కదా పెన్సిలు చెక్కుకుని కూర్చునేది. కానీ మోసానికీ ఒక ధర్మం ఉంటుంది. ఇంగ్లండులో ఈ విద్యను కఠినం చేసినవాళ్ళు 1926 నుంచి ‘అబ్జర్వర్’లో రాసిన ఎడ్వర్డ్ పావిస్ మాథర్స్ మొదలు, స్పెయిన్ దేశపు మతవిచారణాధికారుల పేర్లు పెట్టుకున్నారు. టార్క్వెమాడా, ఆయన తర్వాత జిమెనెజ్, ఆ తర్వాత అజెడ్. చిత్రహింస పెడతామని బోర్డు మీదే రాసుకున్నారు, దాపరికం లేదు. అజెడ్ అన్నది డెజా అనే అధికారి పేరును తిరగేసి పెట్టుకున్నది. తిరగేస్తే వాళ్ళ అక్షరమాలలో మొదటి అక్షరం, చివరి అక్షరం పేర్లు వరసగా వచ్చాయి. చూశారా, అక్కడ కూడా తిప్పినవాడు తిప్పిన తర్వాత ఏం వస్తుందో చూసుకున్నాడు. ఆ సంప్రదాయంలోనే ఆఫ్రిట్ అనే కూర్పరి 1949లో ఒక నియమం పెట్టాడు. దాని సారాంశం: కూర్పరి మనసులో ఉన్నది పైకి కనిపించనక్కర్లేదు, కానీ రాసిన మాటల్లో మాత్రం అది ఉండి తీరాలి. చదివేవాడు పొరపడితే ఆ తప్పు చదివేవాడిదే అయ్యేట్టు రాయాలి. ‘తిరగబడ్డ తోకలేని రాజు’ అని రాసి భూపతి తోక కోసుకున్నవాడు, చదివేవాడి ఎదుట ఒక రాజును నిలబెట్టి తన గదిలో ఇంకో రాజును కోశాడు. ‘చెట్టు (2)’ అని రాసి వేప, రావి, మర్రి, చింత, టేకుల్లో ఏదో కనుక్కోమనేవాడిది బద్ధకం. ఇది బద్ధకం కూడా కాదు.

ఇంకొక మాట. జవాబుల కింద ‘గ్రహించగలరు’ అని రాసే అలవాటు ఉందే, దాన్ని ముందు మానాలి. తప్పు పడితే తప్పు పడిందని రాయవచ్చు. రెండు జవాబులు కుదిరితే రెండూ కుదురుతాయని రాయవచ్చు. జనులు పెట్టినవాడూ, పనులు పెట్టినవాడూ ఇద్దరూ ఒప్పే. ఒక్క వాక్యం సవరణకు వారఫలాల్లో ఏ రాశి నుంచైనా ఒక వాక్యం తగ్గించుకోవచ్చు, ఏ రాశివాళ్ళూ పట్టించుకోరు. గ్రహించగలరు అంటే ఏమిటి? కూర్పరి చెప్పలేకపోయినది పాఠకుడు గ్రహించాలి, గ్రహించకపోతే అతడు విజ్ఞుడు కాడు, విజ్ఞుడు కాకపోతే ఈ పేజీ అతడిది కాదు. ఇంత పెద్ద గోడ కట్టి దాని వెనక దాచుకున్నది రెండక్షరాల మాట కాని మాట. అన్నిటికన్నా చిరాకు ఏమిటంటే, ‘జరా’ ఆయన ఆధారంలోనే ఉంది. ఆయన రాసిన మూడు మాటల్లోనే, అమరం దించనక్కర్లేకుండా, కొమ్ము చెరిపి తిప్పితే చేతికొస్తుంది. ఈ శీర్షికలో అంత మంచి ఆధారం అంతకుముందు పడలేదు. పడినప్పుడు రాసినవాడికి తెలియలేదు.

తాత్పర్యము

రాజుకు తోక తీసి తిప్పినచో ముసలివాడగును. పభూ ఎవరో, ఏ ఊరివాడో, ఎవరి కొడుకో మాకు తెలియదు, విజ్ఞులు గ్రహించగలరు.